తలుపు వెనక కవర్ల మూట



మా ఒంటిమిట్టలో ఏ ఇంటికి పోయినా వంటింటి తలుపు వెనక మేకుకు ఒక పెద్ద కవరు వేలాడుతుంటుంది. దాని నిండా చిన్న కవర్లు. కందిపప్పు వచ్చిన కవరు, ఎండు మిరపకాయలు కట్టిచ్చిన కవరు, చీరల అంగడిలో ఇచ్చిన మందపాటి కవరు, మందుల షాపు కవరు, అన్నీ కుక్కి పెట్టి ఉంటాయి. పట్నంలో చదువుకునే పిల్లలు సెలవులకు వచ్చి "ఇదంతా ఎందుకు దాస్తావమ్మా, పారేయ్" అంటారు. అమ్మ పారేయదు. ఆ అమ్మ పక్షాన మాట్లాడాలని ఈ పూట మీ ముందుకు వచ్చాను. ఆ మూటలో ఉంచుకోదగినవేవో, ఇంట్లోకే రానివ్వకూడనివేవో ఆమెతో కూడా కాసేపు మాట్లాడతాను.

ఇలా దాచుకునే బుద్ధి ఈ నేల నేర్పింది. కడప, కర్నూలు వైపు వానను నమ్ముకొని బతకలేం. ఒక వస్తువును ఒక్క పనికి వాడి వదిలేసే తాహతు ఇక్కడ ఎవరికీ లేకపోయింది. పంచె పాతబడితే తువ్వాలయ్యేది. తువ్వాలు చినిగితే సద్దిమూట కట్టే గుడ్డయ్యేది. అదీ చివికితే పొయ్యికాడ మసిగుడ్డ, ఆఖరికి దీపంలో వత్తి. టెంకాయ కొడితే కొబ్బరి ఊరిబిండిలోకి, పీచు బోకులు తోమడానికి, చిప్ప గరిటెకు. మా ఊరి కోదండరాముడి గుడిని బాగు చేయించాలని వావిలికొలను సుబ్బారావు గారు చేతబట్టిందీ ఆ టెంకాయ చిప్పనే. మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో తెలుగు పండితుడిగా పని చేసినవారు, వాల్మీకి రామాయణాన్ని తెలుగు చేసి ఆంధ్ర వాల్మీకి అని పేరు తెచ్చుకున్నవారు, చివరికి వాసుదాసుగా మారి, చిప్ప పట్టుకొని ఊరూరా తిరిగి రాముడి గుడికి దుడ్డు కూడబెట్టారు. టెంకాయ చిప్ప మీద ఒక శతకమే రాశారు. పారేసే వస్తువు చేత ఎంత పని చేయించవచ్చో మా ఊరు ఎప్పుడో చూసింది.

ప్లాస్టిక్ కవరు కూడా పారేయడానికని పుట్టింది కాదు. ఇప్పుడు మనం చేతికి తగిలించుకునే చేతిపిడుల కవరును స్వీడన్ దేశంలో స్టెన్ గుస్టాఫ్ తులిన్ అనే ఇంజనీరు రూపొందించారు. 1965లో ఆయన పనిచేసిన కంపెనీకి దాని మీద పేటెంటు వచ్చింది. అప్పట్లో అక్కడ కాగితపు సంచులు వాడేవారు, వాటి కోసం చెట్లు కొట్టేవారు. కాగితం తడిస్తే చినుగుతుంది, ఇది చినగదు, కాబట్టి జనం మళ్ళీ మళ్ళీ వాడుకుంటారని ఆయన ఆలోచన. తన తండ్రి ఎప్పుడూ ఒక సంచిని మడిచి జేబులో పెట్టుకొని తిరిగేవారని ఆయన కొడుకు తర్వాత చెప్పారు. అంటే తలుపు వెనక కవర్లు దాచే మన అమ్మలూ, ఆ కవరును కనిపెట్టిన పెద్దాయనా ఒకే మాట మీద ఉన్నారు. అంగడి నుంచి ఇంటిదాకా పది నిమిషాలు మోసి, దాన్ని దిబ్బ మీదికి విసరడం మధ్యలో మనకు అలవాటైంది.

చట్టం కూడా ఈ దారిలోనే నడిచింది. 1999లో కేంద్ర ప్రభుత్వం చేతిసంచి మందం కనీసం 20 మైక్రాన్లు ఉండాలంది. 2011లో 40 అంది, 2016లో 50 చేసింది. 2021 సెప్టెంబరు 30 నుంచి 75, 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్లు. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మందం పెంచమని ఎందుకు పట్టుబట్టారంటే, పలుచని కవరును ఎవరూ రెండోసారి వాడరు. పాత సామాన్లు ఏరుకునేవాళ్ళు కూడా దాన్ని ముట్టుకోరు. కిలో తూగాలంటే అవి ఎన్ని వందలు ఏరాలో ఆలోచించండి. మందంగా ఉంటే అంగడివాడికి ఖర్చు, కాబట్టి ఊరికే ఇవ్వడు. కొన్నవాళ్ళు దాచుకుంటారు. చట్టం బాగానే ఉంది కానీ, మన సంతలో ఆకుకూర కట్టకు ఇచ్చే కవరు ఇప్పటికీ ఊదితే ఎగిరిపోతుంది. ఆ కవరును ఇంట్లో వాడుకునే మార్గం లేదు. సంతలోనే వద్దనడం ఒక్కటే దారి.

వద్దనకపోతే అది ఎక్కడికి పోతుందో మన సీమలోనే కళ్ళారా చూసినవాళ్ళున్నారు. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అని జంతువులను సాకే సంస్థ ఉంది. వీధుల్లో తిరిగే ఆవులు కడుపుబ్బి పడిపోతుంటే ఆపరేషను చేయించి చూశారు. ఒక్కో ఆవు కడుపులోంచి పదుల కిలోల ప్లాస్టిక్ బయటికి వచ్చింది. ఆ ఆవుల మీద 'ది ప్లాస్టిక్ కౌ' అనే డాక్యుమెంటరీ తీశారు. 2012లో ఆ సంస్థ, మరికొందరు కలిసి ఈ ప్లాస్టిక్ కవర్ల విషయమై సుప్రీంకోర్టుకు వెళ్ళారు.

ఆవు ప్లాస్టిక్ ఎందుకు తింటుంది? మిగిలిన అన్నం, మామిడికాయ తొక్కలు, కూరగాయల చెత్త కవరులో వేసి మూతి గట్టిగా ముడేసి వీధిలో పెడతాం. ఆవుకు వాసన వస్తుంది. ముడి విప్పడానికి దానికి చేతుల్లేవు. మేత నమలకుండా ముందు మింగి, తీరిగ్గా నెమరు వేసే జంతువది, కాబట్టి కవరుతో సహా మింగుతుంది. కవరు అరగదు, పేడలో బయటికీ రాదు. పొట్ట మొదటి గదిలోనే కవర్లన్నీ ఒకదానికొకటి చుట్టుకొని ఉండకడతాయి. కడుపు నిండినట్టే ఉంటుంది, ఆవు మాత్రం ఆకలితో చిక్కిపోతుంది. అమ్మా, నేను చెప్పేవన్నీ మరిచిపోయినా పర్వాలేదు గానీ, తినే వస్తువును కవరులో ముడేసి బయట పెట్టకండి. మిగిలిన అన్నం కుడితి తొట్టిలో పోయండి. తొక్కలు విడిగా పెట్టండి.

ఇక ఆ మూట విప్పి చూద్దాం. నా లెక్కలో మంచి కవరంటే ఒక గిన్నె. గిన్నెను ఎలా చూస్తామో దాన్నీ అలాగే చూడాలి. ఏ గిన్నెలో ఏం వండాలో తెలిసినవాళ్ళకు ఏ కవరులో ఏం పోయాలో తెలియడం కష్టం కాదు.

మొదట నల్ల కవర్లు తీసి పక్కన పెట్టండి. చికెన్ అంగట్లో, చేపల దగ్గర ఇచ్చే నల్ల కవరు ఎన్నో రకాల పాత ప్లాస్టిక్‌ను కరిగించి, ఆ రంగులన్నీ కనపడకుండా నలుపు కలిపి చేసింది అయి ఉంటుంది. అంతకు ముందు అందులో ఏముందో ఎవరికీ తెలియదు. అలాంటి పాత ప్లాస్టిక్ సంచుల్లో తినే వస్తువులు పెట్టకూడదని 1999 నిబంధనల్లోనే ఉంది. మాంసానికి ఇంటి నుంచి మూతున్న స్టీలు డబ్బా తీసుకుపోతే అంగడివాడు సంతోషంగా అందులోనే వేస్తాడు. పచ్చి మాంసం, చేపలు వచ్చిన కవరు ఏ రంగుదైనా సరే, కడిగి మళ్ళీ వాడవద్దు. మడతల్లో, మూలల్లో నెత్తురు చెమ్మ నిలుస్తుంది. క్రిములకు అది చాలు.

యూరియా సంచి, పురుగుమందు సంచి, సిమెంటు సంచి. వీటి గురించి కొంచెం గట్టిగా చెప్పాలి. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలున్న జిల్లా మనది, పల్లెల్లో సేద్యం చేసే ఇల్లంటూ ఉంటే యూరియా సంచి ఉండక తప్పదు. గట్టిగా ఉంటాయి, బాగా కడిగితే తెల్లగా వస్తాయి, అందులో చెనిక్కాయలో జొన్నలో పోస్తుంటారు. వద్దు. అల్లిన పోగుల మధ్య చేరిన మందు, ఎరువు నీళ్ళతో పూర్తిగా పోవు. వాటిని ఎరువు మోయడానికి, మట్టి మోయడానికి, దడికి అడ్డం కట్టడానికి వాడండి. తిండిగింజలకు మాత్రం బియ్యం వచ్చిన సంచులు వాడండి.

మిగిలినవి పప్పులు, ఉప్పు, చక్కెర, రవ్వ వచ్చిన కవర్లు, పాల ప్యాకెట్లు, జిప్ కవర్లు. ఇవి మంచి సరుకు. తిండి కోసమే తయారైనవి. కొన్నిటి మీద చిన్న త్రికోణంలో అంకె ఉంటుంది. 2, 4, 5 అంకెలున్నవి పాలిథీన్, పాలిప్రొపిలీన్ రకాలు, వంటింట్లో నిలవకు నమ్మదగినవి. 3 అంటే పీవీసీ, 6 అంటే థర్మోకోలు జాతి. ఆ రెండూ తిండికి వద్దు. అంకె లేకపోతే ముందు అందులో ఏమి వచ్చిందో అదే గుర్తు. పప్పు వచ్చిన కవరులో మళ్ళీ పప్పే పోయండి.

కడగడం ఎలా అంటారా? మన దగ్గర నీళ్ళు కూడా దుడ్డే కదా. పొడి సరుకు ఉన్న కవరుకు నీళ్ళే అక్కర్లేదు. తిరగేసి, దులిపి, పొడిగుడ్డతో తుడిస్తే చాలు. నూనె జిడ్డు, పిండి తడి ఉన్నదాన్నయితే తిరగేసి, సబ్బు నీళ్ళతో మూలలు వేళ్ళతో రుద్ది కడగండి. మరిగే నీళ్ళు పోయవద్దు, పలుచని పాలిథీన్ వేడికి మెత్తబడి సాగుతుంది. కడిగాక దండెం మీద క్లిప్పు పెట్టి నీడలో ఆరేయండి. మన ఎండలో వేస్తే తొందరగా ఆరుతుంది నిజమే, కానీ ఎండకు ప్లాస్టిక్ పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుంది, ఆ పొడి తిండిలో కలుస్తుంది. అమెరికాలో ఉన్న మన పిల్లల ఇళ్ళలో జిప్ కవర్లను కడిగి, ఎత్తయిన గ్లాసు మీద బోర్లించి ఆరబెట్టడం మీలో కొందరు చూసే ఉంటారు. అక్కడ ఆ పనికోసమే కొయ్యపుల్లల స్టాండ్లు కూడా అమ్ముతారు. అమ్మ ఇక్కడి నుంచి కారప్పొడి, చెనిక్కాయల పొడి పంపిన కవరు అక్కడ ఎన్నోసార్లు కొత్తిమీరకు, పచ్చిమిరపకాయలకు ఇల్లవుతుంది. కవరు జిగటగా మారినా, వాసన పట్టినా, తెల్లగా మసకబారినా, జిప్పు వదులైనా దాని పని అయిపోయిందని అర్థం.

వేడివి, పుల్లనివి, నూనెవి కవరులో పెట్టవద్దు. హోటలు నుంచి కాగుతున్న సాంబారును పలుచని కవరులో పోసి రబ్బరు బ్యాండు వేసి ఇస్తారు. వేడికీ నూనెకూ ప్లాస్టిక్‌లో కలిపిన రసాయనాలు తిండిలోకి ఊరుతాయి. ఒక క్యారియరు గిన్నె తీసుకుపోవడం అంత కష్టమా? ఇక ఊరగాయకు ఉప్పూ, పులుపూ, నూనే మూడూ ఉన్నాయి. దానికి జాడీని మించింది లేదు.

ఈ సీమవాళ్ళకు అన్నిటికంటే ముఖ్యమైనది చెనిక్కాయలు దాచడం. కాయ సరిగా ఆరకముందే ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి కట్టేస్తే లోపలి చెమ్మ బయటికి పోలేదు. బూజు పడుతుంది. ఆ బూజులో ఒక రకం అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని పుట్టిస్తుంది. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వేయించినా, ఉడకబెట్టినా పూర్తిగా పోదు. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అనే పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి దీని మీద పని చేస్తున్నారు. గింజలో తేమ ఎనిమిది శాతం కంటే తక్కువకు వచ్చేదాకా ఆరబెట్టాలి. కొలిచే యంత్రం లేకపోతే మన పెద్దలు చేసినట్టే కాయను చెవి దగ్గర పెట్టి ఊపండి. గింజ గలగలమనాలి. ఒలిచేటప్పుడు ముడతలు పడినవి, రంగు మారినవి, పచ్చగా బూజు తగిలినవి ఏరి పారేయండి. ఆవుకూ కోడికీ కూడా వేయకండి, వాటికీ అది విషమే. పూర్తిగా ఆరని కాయకు గాలాడే గోనెసంచే మేలు.

బాగా ఆరిన అలసందలు, కందులు, పెసలకైతే మందపాటి కవరు చాలా మేలు చేస్తుంది. ఆఫ్రికాలో అలసందలను పుచ్చు పురుగు తినేస్తుంటే, అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు మూడు పొరల సంచి ఒకటి తయారు చేశారు. లోపల రెండు మందమైన పాలిథీన్ సంచులు, పైన అల్లిన సంచి. ఒక్కోదాన్నీ విడివిడిగా బిగించి కట్టాలి. లోపలి గాలిలోని ప్రాణవాయువు పురుగు పీల్చేసరికి అయిపోతుంది. పురుగు ఇక పెరగదు, చస్తుంది. మందు అక్కర్లేదు. ఇక్రిశాట్ వాళ్ళు ఈ సంచులను వేరుశనగతోనూ పరీక్షించారు. మన ఇంట్లో ఇదే పని రెండు మంచి కవర్లతో చేయవచ్చు. ఒకదానిలో ఒకటి పెట్టి, పప్పు నింపి, గాలి పూర్తిగా పిండేసి, మూతి మెలిపెట్టి, మడిచి, దారంతో బిగించండి. మాటిమాటికీ విప్పకూడదు, విప్పితే గాలి చేరుతుంది. అందుకే వాడకానికి కొంచెం విడిగా డబ్బాలో ఉంచుకోండి.

కవరే అక్కర్లేని పద్ధతులు మన అవ్వలకు బాగా తెలుసు. కిలో పప్పుకు ఒక చెంచా ఆముదం పట్టించడం ఉంది. గింజ మీద పెట్టిన గుడ్డుకు నూనెపొర గాలి అందనివ్వదు, పురుగు గింజకు గుడ్డు అంటించలేదు. విత్తనపు కందులకు ఎర్రమట్టి పట్టించడం, అలసందల్లో జల్లించిన బూడిద కలపడం ఉంది. బూడిద గింజల మధ్య సందులు నింపి పురుగును కదలనివ్వదు, దాని ఒంటి మీది మైనపు పొరను గీకి ఎండబెడుతుంది. తమలపాకుల తోటలున్న జిల్లాలో తడిగుడ్డ సంగతి చెప్పాల్సిన పనే లేదు. ఆకును తడిపి పిండిన నూలుగుడ్డలో చుడితే రోజుల తరబడి నవనవలాడుతుంది. కొత్తిమీర, కరివేపాకు, పుదీనా అలాగే చుట్టండి. పచ్చిమిరపకాయలకు తొడిమలు తీసి, అడుగున పొడిగుడ్డ వేసిన డబ్బాలో పెట్టండి.

ఫ్రిజ్ లేని ఇంటికి, కరెంటు పోయే పూటకు ఇంకొకటుంది. నైజీరియాలో మొహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు పెద్ద కుండలో చిన్న కుండ పెట్టి, మధ్యలో ఇసుక పోసి, ఆ ఇసుకను తడుపుతూ, పైన తడిగుడ్డ కప్పి కూరగాయలు దాచే పద్ధతిని పల్లెలకు చేర్చారు. మూడు రోజులకు వాడిపోయే వంకాయలు అందులో 27 రోజులు నిలిచాయట. 2000 సంవత్సరంలో ఆయనకు రోలెక్స్ అవార్డు ఇచ్చారు. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది కాబట్టి గాలి ఎంత పొడిగా ఉంటే కుండ అంత చల్లబడుతుంది. ఉక్కపోసే కోస్తాలో ఇది అంతంతమాత్రం, మన కడప ఎండల్లో మాత్రం బ్రహ్మాండంగా పని చేస్తుంది. సంతలో మట్టికుండలు ఇంకా దొరుకుతున్నాయి. నీడలో, గాలి తగిలేచోట పెట్టండి, పూటకు ఒకసారి ఇసుక తడపండి.

ఇక గుడ్డసంచి. దీని మీద నాదొక అభిప్రాయం. బజారులో రంగురంగుల కొత్త గుడ్డసంచులు కొని ఇంటినిండా పేర్చుకోవడం పొదుపు కాదు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో లెక్క కట్టి చెప్పింది. వాతావరణానికి జరిగే చెరుపు విషయంలో కొత్త నూలుసంచి ఒక్కసారి వాడి పారేసే పలుచని కవరుతో సమానం కావాలంటే 131 సార్లు వాడాలి. పత్తికి నీళ్ళు, ఎరువు, మందు, మరలో కరెంటు, ఇన్ని ఖర్చవుతాయి. పత్తి పండించే కర్నూలు రైతును అడిగితే ఆ ఖర్చు ఎంతో చెబుతాడు. ఇంట్లో ఉన్న పాత పంచె, లుంగీ, చినిగిన చీర కొంగు, వీటితో కుట్టిన సంచికి ఆ లెక్క లేదు. ఆ పత్తి పండటం, ఆ బట్ట నేయడం ఎప్పుడో అయిపోయాయి. ఒంటిమిట్టకు దగ్గరలో మాధవరంలో మగ్గాలున్నాయి. మగ్గం మీద నేసిన గట్టి నూలుచీర పదేళ్ళు కట్టిన తర్వాత కూడా నాలుగు సంచులకు పనికొస్తుంది. అంచు వైపు బట్ట చేతిపిడికి వాడండి, బరువు ఆపుతుంది. పప్పుకొక సంచి, రవ్వకొక సంచి కుట్టి, అంగడికి అవే తీసుకుపోండి. మన కిరాణా అంగళ్ళలో ఇంకా విడి సరుకు తూచి పోస్తున్నారు. అది చాలా అదృష్టం.

పొట్లాల సంగతి కూడా ఒకటుంది. ప్లాస్టిక్ వద్దనుకొని బజ్జీలు, వడలు వార్తాపత్రిక కాగితంలో కట్టుకురావద్దు. అచ్చు సిరా నూనెకు కరిగి తిండికి అంటుతుంది. ఆహార భద్రతా సంస్థ 2018 నిబంధనల్లో దాన్ని నిషేధించింది. అరటాకు ముక్క చాలు, కోడూరు, రాజంపేట వైపు అరటితోటలకు కొదవ లేదు.

ఎంత జాగ్రత్తగా వాడినా ఏదో ఒకరోజు కవరు చినుగుతుంది. అప్పుడు నీళ్ళ పొయ్యి రాజేయడానికి దాన్ని వాడవద్దు. ఆ పొగ పొయ్యి ముందు కూర్చున్న ఆడమనిషి ఊపిరితిత్తుల్లోకే పోతుంది. అందులో పీవీసీ ముక్క కలిసి ఉంటే మరీ ప్రమాదం. పాల ప్యాకెట్టును విప్పేటప్పుడు మూల ముక్కను పూర్తిగా తెంపకుండా గాటు పెట్టి వదలండి. తెగిన చిన్న ముక్కను ఎవరూ ఏరలేరు, అది కాలువలో చేరుతుంది. ఖాళీ ప్యాకెట్టు కడిగి ఆరబెడితే కరివేపాకు, బొప్పాయి నారు పోసుకోవడానికి బాగుంటుంది. ఎక్కువైతే పాత సామాన్ల బండివాడు కిలోల లెక్కన కొంటాడు. పూర్తిగా చినిగినవి పొడిగా మూటకట్టి పంచాయతీ బండికి విడిగా ఇవ్వండి. మదురైలో త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ రసాయనశాస్త్ర ఆచార్యులు ఆర్. వాసుదేవన్ గారు ఇలాంటి కవర్లను తురుముగా చేసి, కాగిన కంకర మీద చల్లి, దాని మీద తారు కలిపి రోడ్లు వేయించారు. ప్లాస్టిక్ పొర పట్టిన కంకరలోకి వాననీరు దిగదు, రోడ్డు ఎక్కువకాలం నిలుస్తుంది. 2018లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. అన్నం అంటిన, మట్టి కొట్టుకున్న కవరు ఇలాంటి పనికి రాదు, కాబట్టి శుభ్రంగా ఇవ్వడమే మన వంతు.

మా ఊరి కల్యాణం మాట చెప్పి సెలవు తీసుకుంటాను. 2015 నుంచి రాష్ట్ర ప్రభుత్వం తరఫున ఒంటిమిట్టలోనే శ్రీరామనవమి ఉత్సవాలు జరుగుతున్నాయి. చైత్రమాసం వెన్నెల్లో, రాత్రిపూట జరిగే సీతారామ కల్యాణానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. మీరూ రండి. పులిహోరకు ఒక స్టీలు డబ్బా, నీళ్ళకొక సీసా, తలంబ్రాలు ముడేసుకోవడానికి ఒక గుడ్డముక్క తెచ్చుకోండి. దారిలో తినడానికి ఇంటి నుంచి కవర్లలో తెచ్చినవి ఏమైనా ఉంటే, ఖాళీ కవర్లను దులిపి, మడిచి, సంచి అడుగున పెట్టుకోండి. మా ఊరి చెరువు గట్టు మీద మాత్రం వదలకండి. వేసవికి నీళ్ళు తగ్గాక పశువులు ఆ గట్టు మీదే మేస్తాయి.